గంగమ్మకు రెండు సీరలు

ఆ రాయి మీద కూర్చోవద్దు సారూ. ఈ పక్క రాయి మీద కూసో. ఎందుకని ఇప్పుడు అడగొద్దు, తర్వాత చెప్తా. ఎండ మండిపోతాండాది, నీ టేపు పట్టుకునే మనిషి గుడక కానగచెట్టు కిందికి పోయినాడు. గండి యాడికీ పోదులే. ఆరేండ్ల నుంచి ఆడే ఉండాది, ఇంకో గంట ఉంటాది.

నీ పుస్తకంలో ఏం రాసిందో ఇప్పుడే చదివితివి కదా, అధిక వర్షం వల్ల కట్ట తెగినది అని. ఎవరు రాసినారో గాని వాల్లకు మా సీమ తెల్దు. కుందుర్పికి ఆరు మైల్లల్లో ఉండే ఊరికి అధిక వర్షమంట. వాన పడింది నిజమే, చెరువు నిండింది నిజమే. కట్ట తెగింది మాత్రం వానకు కాదు. నా కండ్లతో చూసినా, చెప్తా విను. రాసుకుంటే రాసుకో, లేకుంటే ల్యా.

నా పేరు ఓబులమ్మ. ఈ చెరువుకు నీరుగంటి సుంకన్న నా మొగుడు. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంత సేపు నీల్లు పారాలో చూసేది, కట్ట కాపలా కాసేది, అన్నీ నీరుగంటి పనే. మా మామ అదే పని చేసినాడు, ఆయన నాయనా అదే. మా మాలకేరిలో ఆ పనికి మాదొక్కటే ఇల్లు. వరి పండితే మడికింత అని గింజలు కొలుస్తారు, పండకుంటే ఏమీ లేదు. అయినా ఆయనకు గింజల సంగతి రెండోది. మాకు బిడ్డలు లేరు సారూ. చెరువునే బిడ్డ మాదిరి చూసుకుంటాండె.

సమితులు పెట్టిన ఏడు పంచాయతీ ఎలక్షన్లు వచ్చినాయి. అంతకుముందు మా ఊరికి పెద్ద గోవిందప్ప. వాల్ల తాత కాలం నుంచీ పెద్దరికం వాల్లింట్లోనే. ఆ ఏడు శ్రీరంగప్ప ఎదురు నిలబడినాడు. శెనక్కాయల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి ఆయప్ప. గోవిందప్పకు గొడుగు గుర్తు, శ్రీరంగప్పకు లాంతరు గుర్తు ఇచ్చినారు. పదకొండు ఓట్లతో లాంతరు గెలిచింది. గెలిచినోడు ఊరుకున్నా, ఓడినోడు ఊరుకున్నా ఆడికి సరిపోతాండె. ఇద్దరూ ఊరుకోలా.

ఆ దినం నుంచి లాంతరోల్లు వానకు తడుస్తారు గాని గొడుగు పట్టరు. గొడుగోల్లు పొద్దు మునిగితే బుడ్డిదీపం పెట్టుకుంటారు గాని ఇంట్లో ఉండే లాంతరు ముట్టించరు. నవ్వుతాండావా? నవ్వు. మేమూ మొదట్లో నవ్వినాము. తర్వాత తాగేనీల్ల బావికి రెండు గిలకలు పెట్టినారు, గొడుగోల్లకు ఒక పక్క, లాంతరోల్లకు ఒక పక్క. బావి ఒకటే, నీల్లు ఒకటే, అవీ అడుగున మోకాలంత. మంగలి తిమ్మప్పను రెండు పార్టీలోల్లూ పిలిచి, మా గడ్డం చేసిన కత్తితో వాల్ల గడ్డం చెయ్యొద్దన్నారు. ఆ మనిషి ఇంకో కత్తి యాడ తెచ్చేది? ఊరిడిసి ముదిగుబ్బకు పోయినాడు. పెండ్లి కొడుకులకు గుడక గడ్డం చేసే దిక్కు లేకపాయె.

నేనేం తక్కువ దాన్ని కాదు, అదీ చెప్తా. నా ఇంటి గోడ మీద సున్నంతో లాంతరు నేనే గీయించుకున్నా. శ్రీరంగప్ప ఏం పెట్టినాడని? ఇండ్ల స్థలం ఇప్పిస్తా అన్నాడు, అంతే. నా చెల్లెలు నల్లమ్మది గొడుగు. దాని ఇల్లూ నా ఇల్లూ ఎదురెదురు. అది వాకిలి ఊడుస్తాంటే నేను మొగం తిప్పుకోని లోపలికి పోతాంటి. ఒక కడుపున పుట్టినోల్లం, ఏడాదికి పైగా ఒకరితో ఒకరం మాట్లాడలా. ఇప్పుడు తల్చుకుంటే నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపిస్తాది.

సుంకన్నను ఏ పార్టీ అని అడిగితే, నాది చెరువు పార్టీ అప్పా అంటాండె. రెండు పక్కలోల్లూ ఆయన్ను నమ్మలా.

ముందు కాలంలో ప్రతి ఎండాకాలం ఇంటికొక మనిషి పార పట్టుకోని కట్ట మీదికి వస్తాండ్రి. ఎలుక బొక్కలు పూడ్చేది, కంప కొట్టేది, మన్ను మెత్తేది. ఎలక్షను అయినంక అదీ నిలిచిపాయె. గెలిచినోల్లు చేసుకోనీ అని గొడుగోల్లు రాలా. ఊరంతా తినే చెరువుకు మేమొక్కరమే ఎందుకు చెయ్యల్ల అని లాంతరోల్లు రాలా. చెరువు అప్పటికి ఐదేండ్ల నుంచి ఎండే ఉండాది గదా, ఎవరికీ తొందర లేదు. పందికొక్కులు కట్టంతా తవ్వి పెట్టినాయి. సుంకన్న ఒక్కడే గంప నెత్తిన పెట్టుకోని కనపడిన బొక్కలు కనపడినట్ల పూడుస్తాండె. కనపడనివి ఎన్ని ఉండాయో ఎవరికి తెలుసు.

ఆ పై ఏడు ఉత్తర కార్తెలో జడివాన పట్టింది. మూడు దినాలు ఇడవకుండా కురిసింది. నాలుగో దినం తెల్లవారి చూస్తే చెరువు నిండి, ఎక్కువైన నీల్లు మరవ మీదనుంచి పారుతాండాయి. ఊరు ఊరంతా ఉరికొచ్చింది. ఆడోల్లు నీల్లల్లోకి దిగి మొగాలు కడుక్కున్నారు, ముసలోల్లు కట్ట మీద కూచోని ఊరికే చూస్తాండారు. సుంకన్న తూము రాయి మీద కూచోని ఎక్కెక్కి ఏడ్చినాడు. నాకు పెండ్లయి ఇరవై ఏండ్లు, ఆయన ఏడ్చింది నేను చూసింది అదే మొదలు.

ఇప్పుడు మా ఊరి కట్టుబాటు ఒకటి చెప్తా, ఇదే అసలు సంగతి. చెరువు నిండితే గంగమ్మకు పూజ చెయ్యల్ల. ఊరి పెద్ద తూము కాడ నీల్లల్లో సీర పెట్టి, టెంకాయ కొట్టి, పొట్టేలును కొయ్యల్ల. ఆ సీర పెట్టేదాకా కట్టకు ఇనుము తగలగూడదు. పార గాని, గడ్డపార గాని, కొడవలి గాని. తగిలితే గంగమ్మ లేచి పోతాదని నమ్మకం. ఆ కట్టుబాటుతో ముందెప్పుడూ ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే చెరువు నిండిన దినమే పొద్దు మునిగేలోపల పూజ అయిపోతాండె.

ఈసారి సాయంత్రం గోవిందప్ప తప్పెట్లు కొట్టించుకుంటా కట్టకు తూర్పు దిక్కు నుంచి వచ్చినాడు, తట్టలో పచ్చసీర. శ్రీరంగప్ప పడమటి దిక్కు నుంచి వచ్చినాడు, తట్టలో ఎర్రసీర. రెండూ ధర్మవరం సీరలే, రెండూ పట్టువే. ఇద్దరి వెనకా పొట్టేల్లు, జనం. తూము కాడ ఎదురుపడినారు.

"మా తాత పెట్టినాడు, మా నాయన పెట్టినాడు, నేనే పెట్టల్ల" అన్నాడు గోవిందప్ప.

"ఇప్పుడు ఊరికి ప్రెసిడెంటు ఎవరప్పా? గెలిచింది నేను. సీర నేనే పెట్టల్ల" అన్నాడు శ్రీరంగప్ప.

చీకటి పడేదాకా అదే మాట. ఆఖరికి రెండు సీరలూ ఇండ్లకు ఎనక్కి పోయినాయి. మనం లేనప్పుడు వాల్లు వచ్చి పెట్టేస్తారని ఇద్దరూ తూము కాడ మనుషులను కాపలా పెట్టిపోయినారు. ఇనుము తగలగూడదు గాని కట్టెలు పట్టుకోవచ్చు గదా, అందరి చేతుల్లో కట్టెలే.

మర్సటి దినం పొద్దున సుంకన్న కట్ట కింది పక్క తిరిగి చూస్తాంటే తూముకు ఎడమ దిక్కున తేమ కనపడింది. బొటనవేలంత ధార కారుతాండాది. దోసిట్లో పట్టి చూసినాడు. తేటగా ఉంటే భయం లేదంట సారూ, కొత్త నీల్లకు కట్ట చెమర్చేది మామూలే. అవి ఎర్రగా ఉండాయి. ఎర్రగా వస్తాండాయంటే నీల్లు కట్ట లోపలి మన్ను తినుకుంటా వస్తాండాయని. ఆయన ఆడనుంచి నేరుగా గోవిందప్ప ఇంటికి పోయినాడు. పార్టీ ఏదైనా కూలి కూలే గదా, నేను వాల్ల దొడ్లో పేడ ఎత్తుతాండా, అంతా విన్నా.

"అప్పా, కట్ట కారుతాండాది. మీదనుంచి తవ్వి బంకమన్ను దట్టించల్ల. నలభై పారలు వస్తే మధ్యాన్నానికి అయిపోతాది. బిరీన పూజ కానీండప్పా, పార పెట్టల్ల" అన్నాడు.

"తెగితే మొదట ఎవరి మడి మీద పడతాది?" అన్నాడు గోవిందప్ప.

"మొదట శ్రీరంగప్పదీ, దాని కింద నీదీ."

"మొదట మునిగేది ఆయప్పదే గదా. పోయి ఆయప్పకు చెప్పు. సీర పక్కన పెట్టి నన్ను పిల్సమను, వస్తా."

శ్రీరంగప్ప ఇంటికి పోయినాడు. ఆయప్ప చుట్ట తాగుతా అరుగు మీద కూచున్నాడంట. "నేను సీర పట్టుకోని సిద్ధంగా ఉండా సుంకన్నా. అడ్డం పడింది ఎవరో వాల్లనడుగు. కట్ట తెగితే తెగనీ, ఎవరి వల్ల తెగిందో ఊరంతా చూస్తాది. వచ్చే ఎలక్షన్లో గొడుగుకు డిపాజిట్టు గుడక రాదు" అన్నాడంట.

సుంకన్న ఇంటికొచ్చి కూచున్నాడు. సంగటి పెట్టినా. ముద్ద చేతిలో పెట్టుకోని అట్లే ఉన్నాడు.

"కట్ట కడుపు తోడేస్తాండాది ఓబులా. లోపల తోడేస్తాండాది" అన్నాడు.

అప్పుడు నేనేమన్నానో తెలుసునా సారూ? "తెగితే తెగనీలే, అప్పుడన్నా గొడుగోల్లకు బుద్ధొస్తాది" అన్నా. ఈ నోటితోనే అన్నా. ఆయన నన్ను తిట్టలా, కొట్టలా. ముద్ద పల్లెంలో పెట్టి లేచిపోయినాడు. ఇనుము పెట్టగూడదు గదా, చేతులతోనే మన్ను తీసి, కసువు కలిపి, పాతగుడ్డలు కుక్కి ఆ ధార ఆపబోయినాడు. పొద్దు మునిగేదాకా కుక్కినాడు. పక్కనే రెండు పార్టీల కాపలావోల్లు పన్నెండు మంది ఉండారు. ఒక్కడన్నా దిగి ఒక పిడికెడు మన్ను వెయ్యలా. ఒకడు దిగితే వాడు ఎదుటోల్లకు లొంగినట్లంట.

మూడో దినం పొద్దున ధార మణికట్టంత లావైంది. సుంకన్న ఇద్దరి కాల్లూ పట్టుకోని కట్ట మీదికి పిల్సుకొచ్చినాడు. ఇద్దరూ ఒకే తట్ట పట్టుకోని పూజ చెయ్యండప్పా అన్నాడు. సరే అన్నారు. హమ్మయ్య అనుకున్నా నేను. అయితే తట్టలో ఏ సీర పెట్టల్ల? రెండూ పెట్టండన్నారు. ఒకదాని మీద ఒకటి పెడితే ఏది కింద, ఏది మీద? మీద ఉండేదాన్నే గంగమ్మ కట్టుకుంటాదంట. పక్కపక్కన పెట్టండి అన్నాడొకడు. కుడి పక్క ఎవరిది? ఇదీ యవారం. పొద్దు నడినెత్తికొచ్చింది. కింద నీల్లు కారే సద్దు ఇప్పుడు కట్ట మీదికి వినపడతాండాది. ఆ సద్దుకు మించి వీల్లు అరుస్తాండారు.

సుంకన్న జనంలోనుంచి నా దిక్కు చూసినాడు. ఆ చూపు చూసినంక నేను నిలబడలేకపోయినా. ఇంటికి ఉరికినా. కుండలో మడిచి పెట్టుకున్న నా పెండ్లి సీర తీసినా. నూలు సీర, అంచు ఎలుకలు కొరికింది. బయటికొస్తాంటే నల్లమ్మ ఎదురింటి గడప మీద నిలబడింది.

"యాడికి అక్కా?" అన్నాది. అంత కాలానికి అది మాట్లాడిన మొదటి మాట.

"గంగమ్మకు సీర పెడతా. మీ ఆయప్పా పెట్టడు, మా ఆయప్పా పెట్టడు."

అది లోపలికి పోయి పసుపూ కుంకం తెచ్చి కొంగులో పోసుకోని నా వెంట వచ్చింది.

తూము కాడికి పోతే కానీరు. అందుకని కట్ట వాలున, జనానికి రొంత దూరంగా నీల్లల్లోకి దిగినాము. నల్లమ్మ పసుపూ కుంకం చల్లింది. నేను సీర నీల్లల్లో పరిచినా. "అమ్మా, వీల్లు తేల్చుకునేటట్ల లేరు. ఇదే ఉండాది నా కాడ, తీసుకో" అని మొక్కినా. నేను తలెత్తేసరికి సుంకన్న కానగచెట్టు కింద దాచిన పార తెచ్చి కట్ట మీద నిలబడి ఉండాడు. ఒక వేటు వేసినాడు. రెండు. ఏడు వేట్లు వేసినాడు సారూ, నేను లెక్కపెట్టినా. మన్ను తీసి, కింద బొక్క యాడుందో పట్టుకున్నాడు. "దొరికింది, బంకమన్ను తేండి" అని అరిచినాడు.

అప్పుడు చూసినారు మమ్మల్ని. "మాలది గంగమ్మకు సీర పెట్టింది" అని ఎవడో కేక వేసినాడు.

అంతదాకా అటొక గుంపు, ఇటొక గుంపుగా ఉన్న జనం ఒక్కటే గుంపయి మా మీదికి వచ్చినారు. సుంకన్న కుడి రెక్క లాంతరోడు పట్టుకున్నాడు, ఎడమ రెక్క గొడుగోడు పట్టుకున్నాడు. పార పెరుక్కోని నీల్లల్లోకి ఇసిరేసినారు. నన్నూ నల్లమ్మనూ జుట్టు పట్టి కట్ట కిందికి ఈడ్సినారు. నన్ను ఈడ్సుకుంటా పోతాంటే ఆ ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకునేది నా చెవిన పడింది.

"చూస్తివా అప్పా, వీల్ల పొగరు" అన్నాడు గోవిందప్ప.

"చూస్తి అన్నా" అన్నాడు శ్రీరంగప్ప.

అన్నా అని పిలిచినాడు సారూ. ఊరు నీల్లకేడుస్తాంటే రాని ఆ పిలుపు అప్పుడొచ్చింది.

సుంకన్న కొట్టించుకుంటానే మొత్తుకుంటాండాడు. "నన్ను రేపు కొట్టండి అప్పా, యాడికీ పోను. ముందు ఆ బొక్కలో మన్ను వెయ్యండి. రెండు గంపలు వెయ్యండి, చాలు." ఎవరూ వినలా. ఆయన పార పెట్టిన తావుకు కిందనే కట్ట మెల్లగా కుంగింది. ముసలోడు కూలబడినట్ల కూలబడింది. జనం మమ్మల్ని ఇడిసిపెట్టి ఎటు దిక్కు దగ్గరైతే అటు ఉరికినారు, గొడుగోడు లాంతరోల్ల దిక్కు, లాంతరోడు గొడుగోల్ల దిక్కు. ఎవరికీ పార్టీ గుర్తు రాలా.

సాయంత్రానికి చెరువులో ఉత్త బురద. చేపలు ఆడ కొట్టుకుంటాండాయి. కింద శ్రీరంగప్ప మడీ గోవిందప్ప మడీ అన్నీ ఇసక మేట వేసినాయి, ఏ గట్టు ఎవరిదో ఆనవాలు లేదు. పచ్చసీరా ఎర్రసీరా తట్టల్లో పెట్టినవి పెట్టినట్లే కట్ట మీద ఉండాయి. నా సీర మాత్రం పోయింది. మూడు దినాలకు సుంకన్న దాన్ని అర మైలు కింద జాలికంపకు తగులుకోనుంటే పీలికలు పీలికలుగా తెచ్చినాడు.

మర్సటి వారం చావిట్లో పంచాయితి పెట్టినారు. గోవిందప్పా శ్రీరంగప్పా ఒకే చాప మీద కూచున్నారు. అంటు తగిలించినందుకే గంగమ్మ లేచిపోయిందని ఇద్దరూ ఒకే మాట చెప్పినారు. సుంకన్నను నీరుగంటి పని నుంచి తీసేసినారు. తీసేసేదానికి ఆడ నీల్లుంటే గదా. నాలుగు నెలలకు మళ్లీ ఇద్దరూ విడిపోయినారు, బావికి రెండు గిలకలు అట్లే ఉండాయి. ఇప్పుడు బావిలో ఆ మోకాలంత గుడక లేదు.

ఆ తర్వాత కరువు పనులు పెట్టినారు గదా, కుందుర్పి దావన కంకర కొట్టే పని. మేమూ పోయినాము, ఊరు ఊరంతా పోయింది. గోవిందప్ప అన్న కొడుకులు, శ్రీరంగప్ప బామ్మర్దులు, అందరి చేతుల్లో సుత్తులే. దావకు ఆ పక్కన గొడుగోల్లు కూచుంటారు, ఈ పక్కన లాంతరోల్లు కూచుంటారు. అంబలి పోసేటోడు ముందు ఏ పక్క పోసినాడని ఒక దినం తలకాయలు పగలగొట్టుకున్నారు. కంకర కొట్టే సుత్తులతోనే కొట్టుకున్నారు. నేనూ నల్లమ్మా మాత్రం ఒకే కుప్ప కాడ కూచుంటాంటిమి.

సుంకన్న పని అయినంక ఇంటికి రాకుండా ఈడికొచ్చి గండి కాడ కూచుంటాండె. ఒకసారి నేను గంప తీసుకోని వచ్చి చూస్తే ఒక్కడే మన్ను మోసి గండిలో పోస్తాండాడు. నువ్విప్పుడు కొలిస్తివే, అరవై అడుగులని. అంత గండిలో ఒక మనిషి గంపతో మన్ను పోస్తాండాడు. నేనూ పోసినా, ఏం చేసేది. గాలికి అదంతా పోతాండె, మర్సటి దినం మళ్లీ పోస్తాండె.

పోయిన ఎండాకాలం ఆయన కంకర కొడతా కొడతానే పక్కకు ఒరిగిపోయినాడు. ఎండ దెబ్బ అన్నారు. తిండి లేక అని నాకు తెలుసు. అంతకు వారం ముందు నాతో అన్నాడు, "నేను పోతే చెరువులో పెట్టు ఓబులా, తూముకు ఎదురుగా. ఎప్పుడన్నా నీల్లొస్తే నా మీదనుంచే పోనీ" అని.

నాకు దిగులైంది సారూ. నీల్లు నిలిచే చెరువులో మాలోని శవాన్ని పెట్టనిస్తారా? కొట్టి చంపుతారు. అయినా అడగల్ల గదా. నల్లమ్మను తోడు తీసుకోని ముందు గోవిందప్ప ఇంటికి పోయినా. తర్వాత శ్రీరంగప్ప ఇంటికి పోయినా. వాకిట్లో నిలబడి అడిగినా.

ఇంకొక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. పొద్దున నువ్వు గోవిందప్ప ఇంట్లో కాఫీ తాగినావు, మధ్యాన్నం శ్రీరంగప్ప ఇంట్లో బువ్వ తిన్నావు. కట్ట కాంట్రాక్టు మాకే కావల్లని ఇద్దరూ అడిగింటారు. వాల్లకిస్తే పని కానియ్యమని ఇద్దరూ చెప్పింటారు. చెప్పలేదంటే నా పేరు ఓబులమ్మ కాదు. నీ పుస్తకంలో ఏం రాసుకుంటావో అది నీ ఇష్టం.

ఆ రాయి మీద ఎందుకు కూర్చోవద్దన్నానో ఇప్పుడు తెలిసిందా? దాని కిందనే ఉండాడు ఆయన. ఆ సీర పీలికలే కప్పినా. ఊరోల్లు అడ్డం పడతారేమో అని ఎంత భయపడినానో, అంతా వట్టిదే. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే.

"పెట్టుకో పో ఓబులమ్మా. ఆడికి నీల్లు యాడొస్తాయి" అన్నారు.